మొగలి నీళ్ళ బట్టీ

సారా బట్టీ ఇంటి పిల్ల అని నన్ను బళ్ళో ఏడాది పాటు పిలిచారు. పిలిస్తే పిలిచారు. వాళ్ళ నోళ్ళు, వాళ్ళ ఇష్టం. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ పిలిచినవాళ్ళలో సగం మందికి నెత్తి మీద వెంట్రుక లేదు. నాకు జడ ఉంది. సన్నదే, తెల్లదే, కానీ ఉంది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, దిష్టి తగిలితే తగలనివ్వండి.

మా ఇంట్లో బట్టీ ఉన్న మాట నిజమే. అందులో ఎప్పుడూ సారా కాచలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ కాచింది మా అత్త కాదు, నేను. పదిహేనేళ్ళ వయసులో, తెలియక కాచాను. దాని ఫలితం మాత్రం మా అత్త అనుభవించింది. నేను ఇది రాస్తున్నది అందుకే.

మాది వేమూరు స్టేషన్లో దిగి కాలవగట్టు మీద రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. అరవైల నాటి సంగతి. మా నాన్నకి పదెకరాల మాగాణి, సొసైటీ కమిటీలో ఒక కుర్చీ, ఆ కుర్చీ కంటే పెద్ద పరువు ఉండేవి. మా అత్త ఆయన చెల్లెలు. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, మోకాళ్ళ దాకా జుట్టు వెంట తెచ్చుకుంది.

మా వాళ్ళలో మొగుడు పోయిన ఆడదానికి గుండు చేయించే ఆచారం లేదు. చేయించకుండానే చేయించినంత పని జరిపే దారులు మాత్రం బోలెడు ఉండేవి. పువ్వు పెట్టకూడదు. జడ వేసుకోకూడదు, ముడి చుట్టుకోవాలి. తలకి నూనె రాసుకున్నా వాసన రాకూడదు. మా అత్త మొదటి రెండూ పాటించింది. మూడోది మాత్రం ఆవిడ వల్ల కాలేదు, కావాలని ప్రయత్నించనూ లేదు.

"ఎవరి కోసమే తల్లీ ఇంకా ఆ జుట్టు?" అని ఒకరోజు పక్కింటి పెద్దావిడ మా వరండాలో కూచుని అడిగింది.

"నా నెత్తి మీద ఉంది కదా పిన్నీ. నా కోసమే," అంది మా అత్త. చల్ల చిలుకుతోంది అప్పుడు. కవ్వం తాడు ఆపలేదు, తల తిప్పలేదు.

నాది ఆ రోజుల్లో ఎలుక తోక. ఆ మాట నేను అనడం లేదు, మా అమ్మ అనేది. రిబ్బను కడితే బడికి చేరేలోపు రిబ్బను జారిపోయేది. "దీని తలకి నూనె రాయడం బూడిదలో పోసిన పన్నీరే," అని అమ్మ చేతులు కడిగేసుకుంది. అప్పుడు అత్త నన్ను తన దగ్గర కూచోబెట్టుకుంది. పొలం గట్ల మీద తడిలో పెరిగే గుంటగలగరాకు నా చేతే కోయించి, నా చేతే రుబ్బించేది. ఆ రసం తగిలితే వేళ్ళు నల్లబడతాయి. బళ్ళో ఆ వేళ్ళని పుస్తకాల కింద దాచుకునేదాన్ని. రసం పిండి నువ్వుల నూనెలో పోసి, మందారాకు, గుప్పెడు మెంతులు వేసి, సన్నసెగ మీద సాయంత్రం దాకా కాచేది. నూనె కాగిందో లేదో ఆవిడ కంటితో చూసి చెప్పేది కాదు. పత్తి వత్తి అందులో ముంచి వెలిగించేది. చిటపటలాడితే ఇంకా తడి మిగిలినట్టు. చప్పుడు చేయకుండా వెలిగితే దించేయడమే.

"నిప్పు అబద్ధం చెప్పదే అమ్మాయ్. మనుషులే చెప్తారు," అనేది వత్తి ఆర్పుతూ.

పువ్వుల్లోంచి వాసన నీళ్ళు తీయడం మాత్రం అత్త తెనాలిలో నేర్చుకుంది. నాకు కళ్ళద్దాలు వేయించడానికి వెళ్ళాం ఒకసారి. ఒక సందులో నడుస్తుంటే గులాబీ వాసన గుప్పుమంది. అత్త అక్కడే ఆగిపోయింది. తెరిచిన గేటు లోపల, నీడన, ఒక ముసలి ముస్లిం ఆవిడ రాగి కాగు ముందు పీట వేసుకుని కూచుని ఉంది. పెళ్ళిళ్ళకి పన్నీరు తీసి ఇచ్చే ఇల్లట అది. ఊళ్ళో అందరూ ఆవిడని బూబమ్మ గారనేవాళ్ళు. అత్త గేటు దగ్గరే నిలబడి, ఇది నేను నేర్చుకోవచ్చా అండీ అని అడిగింది. బూబమ్మ గారు మా అత్త బొట్టు లేని మొహం చూసింది, తెల్ల చీర చూసింది, మెడ మీద బరువుగా వేలాడుతున్న ముడి చూసింది.

"ఏం చేస్తావమ్మా, అమ్ముకుంటావా?"

"లేదండి. తలకి పోసుకుంటాను."

ముసలావిడ పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. తరవాత పక్కనున్న రెండో పీట మా అత్త వైపు తోసింది. మూడు నెలలు ప్రతి మంగళవారం రైలెక్కి వెళ్ళి నేర్చుకుంది అత్త. చివర్లో బూబమ్మ గారు తన పాత కాగు ఒకటి ఆవిడకే ఇచ్చేసింది, మా కోడళ్ళకి దీని మీద ఓపిక లేదమ్మా, నీకైతే ఉంది అని.

ఆ బట్టీలో పెద్ద మాయేం లేదు. కాగు అడుగున నీళ్ళు, పువ్వులు వేయాలి. మధ్యలో ఇటుక ముక్క మీద ఖాళీ గిన్నె పెట్టాలి. కాగు మూతి మీద అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద బేసిను పెట్టి, దాన్నిండా చన్నీళ్ళు పోయాలి. బేసినుకీ కాగుకీ మధ్య సందు లేకుండా మినప్పిండి ముద్ద అతికించి తడిగుడ్డ చుట్టాలి. కింద మంట పెడితే ఆవిరి లేచి, చల్లటి బేసిను అడుగుకి తగిలి, చుక్క చుక్కగా లోపలి గిన్నెలో పడుతుంది. కిటుకంతా పైనున్న నీళ్ళదే. అవి వేడెక్కితే ఆవిరి చుక్క కట్టదు. అందుకని చెయ్యి పెట్టి చూస్తూ, గోరువెచ్చన కాగానే తోడేసి బావి నీళ్ళు పోయాలి. అవీ వేడెక్కుతాయి. మళ్ళీ తోడాలి. ఒక గిన్నె నిండేసరికి ముప్ఫై నలభైసార్లు. ఆ పని నాది. నాన్న ఒక్కనాడు ఆ బేసిను ముట్టుకోలేదు. దారిలో ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

గులాబీ, వట్టివేళ్ళు, మరువం, ఏది దొరికితే అది కాచేది అత్త. కుంకుడుకాయతో తలంటుకున్నాక చివరి చెంబు ఆ నీళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళు దొడ్డిదారిన ఖాళీ సీసాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. చుండ్రు అని ఒకరు, తల తిరుగుతోందని ఒకరు. నింపించుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళే వీధి గుమ్మం దగ్గర కూచుని, మొగుడు పోయినదానికి ఈ సోకులేంటమ్మా అనేవాళ్ళు. ఇది చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అమ్మ మాత్రం ఎటూ మాట్లాడేది కాదు. ఆవిడ రాసుకునేదీ అత్త నూనే.

అప్పుడు మద్యనిషేధం ఉండేది. కాలవగట్ల వెంట రెల్లుపొదల్లో దొంగ బట్టీలు వెలిసేవి. సారా కాచేవాళ్ళదీ దాదాపు ఇదే పద్ధతి, ఇదే కాగు, ఇవే చన్నీళ్ళు. దాంతో ఊళ్ళో గుసగుస మొదలైంది. నాన్న ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

"గడ్డివాము చాటున పెట్టుకోమ్మా. నేను వద్దనడం లేదు. నలుగురి కంట పడకూడదు, అంతే."

"చాటున పెడితే సారాయే అంటారు అన్నయ్యా," అంది అత్త. "వాకిట్లో పెడితే నీళ్ళని తెలుస్తుంది."

అప్పటిదాకా దొడ్లో ఉన్న బట్టీని మర్నాడు వాకిట్లోకి మార్చింది. వీధిలో పోయేవాళ్ళు గోడ మీద నుంచి చూడాలి, చూడనీ అంది. నాన్న చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు కానీ ఆ మాట ఆయన కడుపులో ఉండిపోయిందని మాకందరికీ తెలుసు.

ఇక నా నిర్వాకం సంగతి. శ్రావణంలో మొగలిపువ్వు వచ్చేది. బాపట్ల దాటాక సముద్రపు ఇసుక మీద, రామాపురం దాకా మొగలి పొదలే. అటు నుంచి రైల్లో ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చే ఒకావిడ, అత్త కోసం మొగలిపొత్తులు గోనెలో విడిగా చుట్టుకుని తెచ్చేది. పై రేకులు తీసి పారేస్తే చేపల వాసన పోయేది. లోపలి రేకులు కోసి ఒక రాత్రి బానలో నీళ్ళలో నానబెట్టి, తెల్లారి కాచాలి. ఒక్క రాత్రే, అంతకుమించి కాదు.

ఆ ఏడాది పొత్తులు వచ్చిన రోజే తెనాలి నుంచి కబురొచ్చింది, బూబమ్మ గారికి బాగాలేదని. అత్త నానబెట్టే పని నాకు అప్పజెప్పి, రేపటికల్లా వస్తానని రైలెక్కింది. నేను బాన కడుగుతూ బావి చప్టా మీద జారవిడిచాను. రెండు ముక్కలైంది. అది బూబమ్మ గారి ఇంటి నుంచి వచ్చిన బాన. పెంకులు పెంటకుప్పలో పూడ్చి, పశువుల కొట్టంలో కనబడ్డ కిరసనాయిల్ డబ్బా ఒకటి తీసుకున్నాను. ఎడ్ల దాణాలో కలపడానికి గానుగ దగ్గర నుంచి తెచ్చిన బెల్లం మడ్డి అందులో ఉండేది. అడుగున జానెడు మందాన గట్టిపడి ఉంది. గీకితే రాలేదు. పోనీలే, తీపే కదా అనుకుని దాని మీదే నీళ్ళు పోసి రేకులు వేసేశాను.

అత్త మర్నాడు రాలేదు. నాలుగు రోజులకి గానీ రాలేదు. మూడో రోజుకి డబ్బాలో నురగ కట్టింది. బుసబుసమని చప్పుడు. మొగలి సత్తువ గట్టిగా దిగుతోంది కాబోలు అనుకున్నాను. నా తెలివి అట్లా ఏడిసింది. గోడవతల మాత్రం వాసన పసిగట్టాల్సినవాళ్ళు పసిగట్టేశారు.

నాలుగో రోజు సాయంత్రం అత్త వానలో తడిసి వచ్చింది, ముక్కు దిబ్బడ వేసి, గొంతు పూడిపోయి. బూబమ్మ గారు గండం దాటిందట. నేను అప్పటికే డబ్బాలోదంతా కాగులో పోసి, డబ్బా కడిగి బోర్లించేశాను. బాన ఏదే అని అడగకముందే, నువ్వు పడుకో అత్తా, పొద్దున కాచేద్దాం అన్నాను. ఆవిడ సరేనంది. ముక్కు పనిచేసి ఉంటే ఆ క్షణానే అంతా కాలవలో పారబోయించేది.

పొద్దున్నే వాకిట్లో మంట పెట్టాం. ఎండ ముదిరేసరికి గిన్నె నిండింది. అత్త మినప్పిండి ఊడదీసి, బేసిను దించి పక్కన పెట్టి, గిన్నె బయటికి తీసింది. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని ఒక హెడ్డూ, వెనక ఒక కానిస్టేబులూ లోపలికొచ్చారు. వాళ్ళ వెనకే గోడ మీద వరసగా తలకాయలు లేచాయి.

"ఎవరిదండీ ఈ బట్టీ?"

"నాదేనండి," అంది అత్త. గిన్నె చేతిలోనే ఉంది.

"అర్జీ వచ్చిందండి. ఏంటి కాస్తున్నారు?"

"మొగలి నీళ్ళండి. తలకి."

హెడ్డు వంగి గిన్నె దగ్గర ముక్కు పెట్టాడు. నిటారుగా లేచాడు. "మొగలి వాసనా వస్తోంది. ఇంకో వాసనా వస్తోంది."

నాకు వచ్చింది ఆ రెండో వాసన. ఆ నిమిషంలో నాకన్నీ అర్థమైపోయాయి, డబ్బా, అందులో పులిసిన మడ్డి, నురగ. అత్తకి చెబుదామని ఒక అడుగు వేశాను. ఇంతలో నాన్న పొలం నుంచి పరుగున వచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు. లోపలికి రాలేదు.

"నాకు పడిశం పట్టిందండి, ఏ వాసనా తెలియడం లేదు," అంది అత్త.

"వాసనతో పనేముందమ్మా. పళ్ళెంలో పోసి పుల్ల గీస్తే తేలిపోద్ది. సారా అయితే నీలంగా మండుద్ది." అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "ఒక పళ్ళెం తెప్పించండి."

అత్తకి కోపం వచ్చింది. నాకు ఆ కోపం తెలుసు. మాట గట్టిపడదు, ఇంకా మెత్తబడుతుంది.

"పళ్ళెం ఎందుకండి?" అంది.

ఒక చేత్తో ముడి లాగేసింది. ఆవిడ పుట్టింటికి తిరిగొచ్చాక ఆ జుట్టు ఎంతుందో మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. విడిచేసరికి మోకాళ్ళ మీద పడింది. తలుపు వెనక నుంచి అమ్మ "వద్దండి వదిన గారూ" అని గొణిగింది. అత్త గిన్నె ఎత్తి, అందులో ఉన్నదంతా నెత్తి మీద పోసుకుంది. ఒక్క చుక్క మిగల్చలేదు.

"తలకి పోసుకునేది తల మీదే చూడాలి. ఇప్పుడు గీయండి. సారా అయితే మండుతాను. కాకపోతే మా వాకిలి దిగి వెళ్ళండి."

ఆవిడకి అది నీళ్ళేనని నమ్మకం. నిప్పు అబద్ధం చెప్పదని నమ్మకం. ఆ వాకిట్లో అది నీళ్ళు కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

గోడ మీద నుంచి ఎవరో, గీయండి హెడ్డు గారూ చూద్దాం అన్నారు. అతను గీశాడు. బెదిరించడానికే గీశాడని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నాకు కనబడింది పుల్ల చివర మంటా, ఆ మంటకి బారెడు దూరంలో తడిజుట్టూ. పక్కనే నేను పొద్దుట్నుంచీ తోడి పోస్తున్న బేసిను ఉంది, సగం నీళ్ళతో. దాన్ని ఎలా ఎత్తానో నాకు తెలియదు. ఎత్తి కుమ్మరించేశాను, అత్త మీదా, హెడ్డు చేతుల మీదా, అగ్గిపెట్టె మీదా.

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకొకరు అందుకున్నారు. మేనకోడలు మేనత్తకి తలంటు పూర్తిచేసిందని వాళ్ళకి తోచింది.

హెడ్డు చేతులు దులుపుకున్నాడు. ఖాళీ గిన్నె తిరగేసి చూశాడు. "ఇంకేం గీస్తామమ్మా, పెట్టె తడిసిపాయె," అన్నాడు. గేటు దగ్గర నాన్నతో మాత్రం, చూసుకోండి, మళ్ళీ అర్జీ వస్తే కాగు పట్టుకెళ్ళాల్సి వస్తుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

అత్త దొడ్లో బావి పక్కన కూచుని జుట్టు పిండుకుంది. ఆ చివర్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు ఆవిడకి.

"నీళ్ళెందుకు పోశావే? వాసన ఎలా ఉంది?" అని నన్నడిగింది.

"సారా వాసన అత్తా," అన్నాను. ఏడుపు ఆగలేదు. బాన దగ్గర నుంచి నురగ దాకా అంతా చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు. "బాన పగిలిందని చెప్పడానికి భయపడ్డావా? నాకా?" అంది. "ఈ ఇంట్లో అందరూ అందరికీ భయపడతారు. నువ్వు నా దగ్గరన్నా భయపడవనుకున్నానే."

నాన్నకి చెప్పేస్తానని లేచాను. రెక్క పట్టుకుని కూచోబెట్టింది. "చెప్తే పిల్ల తప్పు చేసిందనరు. బట్టీ తప్పు చేసిందంటారు. నోరు మూసుకో."

ఆ మధ్యాహ్నం నాన్న వరండాలో నిలబడి మాట్లాడాడు. సారా ఊసు అసలు ఎత్తలేదు. "జుట్టు విరబోసుకుని వాకిట్లో నిలబడ్డావు. ఊరంతా చూసింది," అన్నాడు. ఆయన్ని నొప్పించింది అదన్నమాట. "బట్టీ అన్నా ఈ ఇంట్లోంచి పోవాలి, నువ్వన్నా పోవాలి."

"నేను పోతే బట్టీ నాతోనే వస్తుంది అన్నయ్యా," అంది అత్త.

నాన్న అంతదూరం అనుకోలేదు. నాలుగు రోజులు అలిగి, కాగు అటక మీద పెట్టేస్తుందనుకున్నాడు. ఆవిడ మర్నాడు పొద్దున్నే కాగు గోనెలో చుట్టి, ట్రంకు పెట్టె పాలేరు నెత్తిన పెట్టించి, స్టేషనుకి నడిచింది. బేసిను పట్టుకుని నేను వెంట వెళ్ళాను. తెనాలి బండి ముందొస్తుందో రేపల్లె బండి ముందొస్తుందో ఆవిడకీ తెలియదు, ఏది ముందొస్తే అదే ఎక్కుతానంది. రేపల్లె బండి వచ్చింది. ఇంటికెళ్ళాక నాన్న ముందు గొంతు దాకా వచ్చిన నిజం నేను మింగేశాను. ఆ మింగడం నన్ను ఏళ్ళ తరబడి బాధపెట్టింది.

"రేపల్లెలో పట్టాలు అయిపోతాయిగా. ఇంక ముందుకి పోలేక దిగిపోయాను," అని నవ్వేది తరవాత ఎవరడిగినా. స్టేషనుకి దగ్గర్లో ఒక గది, గది ముందు జాగా, జాగాలో బావి. మామయ్య వాటా కింద వచ్చే గింజలతో మొదటి ఏడాది గడిపింది. తరవాత నూనే, నీళ్ళే ఆవిడకి కూడు పెట్టాయి. అక్కడా అడిగేవాళ్ళు ఉన్నారు, ఎక్కడ ఉండరు. ఆవిడ మాత్రం ఇంకొంచెం ముదిరింది. పుట్టింట్లో పాటించిన ఆ రెండు నియమాలు కూడా రేపల్లెలో వదిలేసింది. జడ వేసుకుంది. శ్రావణంలో ఆ జడలో మొగలిరేకు పెట్టుకుంది.

డెబ్బైలు వచ్చేసరికి నేను బాపట్లలో చదువుకుంటున్నాను. సెలవులకి ఇంటికి పోవాల్సినదాన్ని, తెనాలిలో బండి మారి, వేమూరు దాటిపోయి, తిన్నగా రేపల్లె వెళ్ళేదాన్ని. నాన్న ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఒక ఏడు మా అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కింది గానీ జుట్టు దువ్వితే దువ్వెన నిండా ఊడిపోయింది. అమ్మ కొంగు తల మీద నుంచి తీయడం మానేసింది, తరవాత గదిలోంచి రావడమే మానేసింది. అద్దం తిరగేసి పెట్టించింది. టైఫాయిడ్ జుట్టు దానంతటదే వస్తుందని డాక్టరు గారు చెప్పినా వినలేదు. వదిన గారి నూనె కావాలి అంది. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే అనుకుంటాను.

నేను అత్త దగ్గర ఉండగానే నాన్న వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు, ఆ రోజు ఆగినట్టే. చేతిలో ఖాళీ సీసా ఉంది, దొడ్డిదారిన వచ్చే ఆడవాళ్ళు పట్టుకున్నట్టు పంచె మడతలో సగం దాచి పట్టుకున్నాడు. అత్త జడ చూశాడు, జడలో రేకు చూశాడు. తల దించుకున్నాడు.

"లోపలికి రా అన్నయ్యా. వదినకి ఎలా ఉంది?" అంది అత్త.

విషయమంతా విని, నూనె సిద్ధంగానే ఉందంది. "కానీ జ్వరం దిగిన తల. ముందు వట్టివేళ్ళ నీళ్ళు పడాలి. అవి నిండుకున్నాయి. ఇప్పుడు కాచాలి."

వట్టివేళ్ళు వేసి, పిండి అతికించి, మంట పెట్టింది. నేను అలవాటు కొద్దీ బకెట్టు అందుకోబోయాను. "నువ్వు కూచో," అంది నాతో. నాన్న వైపు తిరిగింది. "నీళ్ళు మార్చేవాళ్ళు కావాలి."

నాన్న ఆ బేసిను వైపు చాలాసేపు చూశాడు. తువ్వాలు తలకి చుట్టుకుని బకెట్టు తీసుకున్నాడు. మొదటిసారి సగం నీళ్ళు ఒలకబోశాడు. పదోసారికి చెయ్యి పెట్టి వేడి చూడడం వచ్చింది. ఇరవయ్యోసారికి చొక్కా విప్పేశాడు. ఇంక నా వల్ల కాలేదు. అన్నేళ్ళుగా గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"నాన్నా, ఆ రోజు అత్త నెత్తిన పోసుకున్నది సారాయే."

ఆయన బకెట్టు దించాడు. "ఎవరు కాచారు?"

"నేనే. నాకు తెలియకుండా." డబ్బా సంగతీ, మడ్డి సంగతీ చెప్పాను.

నాన్న అత్త వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తర్వాత తెలిసింది."

"మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా అన్నయ్యా," అంది అత్త, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "వెళ్ళమన్నావు."

నాన్న తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. మరీ ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"ఇంటికొచ్చేయమ్మా. బట్టీతోనే రా. వాకిట్లోనే పెట్టుకో," అన్నాడు.

"నేను రాను. నువ్వు రా, వీలున్నప్పుడల్లా. ఇక్కడ నాకు మనిషి సాయం లేదు." అత్త బేసినులో వేలు ముంచి చూసింది. "నీళ్ళు వేడెక్కాయి అన్నయ్యా."

మా నాన్న బకెట్టు తీసుకుని బావి దగ్గరికి నడిచాడు.